గుళికకి ఎన్ని మార్కులు, చుక్కలకి ఎన్ని: బ్లడ్ థిన్నర్లు వాడేవాళ్ళ కోసం హోమియో మందుల సమీక్ష

ఒకే పేరు, రెండు సీసాలు. ఒకదాని మీద ‘ఆర్నికా మోంటానా 30సి’ అని, ఇంకోదాని మీద ‘ఆర్నికా మోంటానా క్యూ’ అని ఉంటుంది. అరలో రెండూ పక్కపక్కనే, రెండిటినీ హోమియో మందనే అంటారు. రక్తం పలచన చేసే మందు వాడే మనిషికి మాత్రం ఇవి ఒక జాతి సరుకు కావు. మొదటిది తీపి గుళిక, రెండోది ఆల్కహాల్‌లో నానబెట్టిన మూలిక సారం. అందుకే ‘హోమియో వాడొచ్చా?’ అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఏ పేరు, ఏ పొటెన్సీ (ఎంత పలచన చేశారో చెప్పే గుర్తు), ఏ రూపం అని అడిగితే దొరుకుతుంది.

ఈ సమీక్ష వార్ఫరిన్, అసినోకౌమరాల్ లాంటి పాత మందులు, అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగట్రాన్ లాంటి కొత్త మందులు వాడేవాళ్ళ కోసం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌ని కూడా జనం బ్లడ్ థిన్నర్లనే అంటారు. అవి పనిచేసేది ప్లేట్‌లెట్ల మీద, దారి వేరు. అయినా కింద చెప్పిన జాగ్రత్తల్లో చాలామటుకు వాటికీ పనికొస్తాయి. ఒక్కో రూపానికి 5కి రెండు రకాల మార్కులు వేశాం: డాక్టరు రాసిన మందు జోలికి వెళ్ళకుండా ఉంటుందా అన్నదానికి ఒకటి, చెప్పిన పని చేస్తుందా అన్నదానికి ఇంకొకటి.

ముందు లెక్క తేలాలి. ‘ఎక్స్’ అంటే ఒక్కో మెట్టులో పదోవంతుకి పలచన, ‘సి’ అంటే నూరోవంతుకి. 6ఎక్స్ అంటే పది లక్షల్లో ఒక వంతు. 3సి అన్నా అంతే. 12సి దగ్గరికి వచ్చేసరికి 1 పక్కన 24 సున్నాలు పెట్టి భాగించినంత పలచన. ఒక మోల్ (రసాయన శాస్త్రంలో పదార్థం కొలత) పదార్థంలో ఉండే అణువులు సుమారు 6.022 × 10^23 కాబట్టి, ఆ గీత దాటాక సీసాలో అసలు పదార్థం అణువు ఒక్కటైనా మిగులుతుందన్న నమ్మకం లేదు. 30సి, 200సి అన్నీ ఆ గీతకి చాలా అవతలివే. ‘క్యూ’ అంటే మదర్ టింక్చర్, అసలు పలచనే చేయని సారం.

30సి, 200సి గుళికలు: భద్రతకి 5, పనికి 1

కాలేయం విరగ్గొట్టాల్సిన పదార్థం గుళికలో లేదు, ప్లేట్‌లెట్లని తాకేదీ లేదు. కాబట్టి ఐఎన్‌ఆర్ (వార్ఫరిన్ లాంటి మందుతో రక్తం గడ్డ కట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె) కదలదు, అపిక్సబాన్ మోతాదు మారదు. పాము విషంతో చేసే లాకెసిస్, క్రోటాలస్ పేర్లు వినగానే కొందరు జడుసుకుంటారు. 30సిలో విషం లేదు, జడుసుకోనక్కర్లేదు. పాము విషానికి రక్తం మీద పట్టు లేదని కాదు. రాటిల్ పాము జాతిలోని ఒక చిన్న పాము విషంలో దొరికిన ప్రోటీన్ నమూనాగానే ఎప్టిఫిబటైడ్ అనే ప్లేట్‌లెట్ల మందు తయారైంది. దాన్ని ఆసుపత్రిలో నరం ద్వారా, కిలో బరువుకి ఇన్ని మైక్రోగ్రాములని లెక్కగట్టి ఎక్కిస్తారు. పనిచేసే మందుకి మోతాదు లెక్క అంత బిగువుగా ఉంటుంది.

రెండో మార్కు 1 ఎందుకంటే, ఏ జబ్బుకైనా హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ఆస్ట్రేలియా ఆరోగ్య పరిశోధన మండలి 2015లో తేల్చింది. ఆ ఒక్క మార్కూ గుళిక చప్పరిస్తే కొందరికి మనసు కుదుటపడుతుందని వేసింది.

ఇక్కడ ప్రమాదం గుళికలో ఉండదు, గుళిక వేసుకుని ఊరుకోవడంలో ఉంటుంది. రివరోక్సబాన్ వాడే పెద్దాయన మెట్ల మీద జారి తల కొట్టుకున్నాడనుకోండి. పైకి చిన్న బొప్పే. ఆర్నికా 200 నాలుగు గుళికలు వేసి పడుకోబెడితే, తెల్లారేలోపు పుర్రె లోపల రక్తం నెమ్మదిగా చేరుతూ ఉండొచ్చు. బ్లడ్ థిన్నర్ వాడేవాళ్ళకి తలకి దెబ్బ తగిలితే, మనిషి మామూలుగా మాట్లాడుతున్నా సరే, ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోవాల్సిందే. గుళికలు దారిలో చప్పరించినా అభ్యంతరం లేదు.

బయోకెమిక్ మాత్రలు: భద్రతకి 5, పనికి 1

ఫెర్రమ్ ఫాస్, కాలి మ్యూర్ లాంటి లవణాల మాత్రలు 6ఎక్స్‌లో వస్తాయి. 250 మిల్లీగ్రాముల మాత్రలో అసలు లవణం 0.25 మైక్రోగ్రాము, తక్కినదంతా లాక్టోజ్. పాలు పడనివాళ్ళకి కడుపు ఉబ్బుతుందేమో గానీ ఐఎన్‌ఆర్‌కి దీనితో పనిలేదు. అదే మాత్ర 3ఎక్స్ అయితే 0.25 మిల్లీగ్రాము, 1ఎక్స్ అయితే 25 మిల్లీగ్రాములు. మాత్ర సైజు అదే, రుచీ అదే. తేడా అంతా పేరు పక్కనున్న అంకెలోనే.

లేబుల్ మీద రాసిన పొటెన్సీయే లోపల ఉందా అన్నది వేరే పేచీ. పిల్లలకి పళ్ళొచ్చేటప్పుడు వాడే కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా అనే విషపు మొక్క సారం లేబుల్ మీదున్న దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా, అదీ ఒక్కో మాత్రలో ఒక్కో రకంగా ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో బయటపెట్టింది. పలచన చేసే పనిలో చెయ్యి తప్పితే ‘ఏమీ లేని’ మాత్ర ‘ఏదో ఉన్న’ మాత్ర అవుతుంది. బ్రాండ్లు మాటిమాటికీ మార్చకపోవడం మంచిది.

మదర్ టింక్చర్లు: భద్రతకి 1 నుంచి 3, పనికి మొక్కని బట్టి

అసలు చర్చంతా ఇక్కడే. సాధారణంగా ఒక వంతు ఎండు మూలికకి పది వంతుల టింక్చర్ వచ్చేలా తీస్తారు, అంటే 1 మిల్లీలీటరులో 0.1 గ్రాము మూలిక సారం. 20 చుక్కలు మూడుసార్లు వేసుకుంటే రోజుకి 3 మి.లీ. లోపే అవుతుంది. ఆల్కహాల్ చుక్క నీటి చుక్క కన్నా చిన్నది కాబట్టి ఇంకా తక్కువే. గరిష్ఠంగా 300 మిల్లీగ్రాముల ఎండు మూలిక అనుకోవచ్చు. మూలికల క్యాప్సూళ్ళతో పోలిస్తే ఇది తక్కువే, అది ఒప్పుకోవాలి. తక్కువంటే సున్నా కాదు, పైగా చుక్కలు లెక్కపెట్టకుండా మూతతో కొలిచి తాగేవాళ్ళున్నారు. 5 మి.లీ. మూతతో మూడు పూటలా తాగితే లెక్క ఐదు రెట్లు దాటుతుంది. ఆల్కహాల్ విషయానికొస్తే, 60 శాతం ఉన్న 3 మి.లీ.లో అది గ్రామున్నర లోపే. దాని గురించి కంగారు అనవసరం, చూసుకోవాల్సింది మొక్కని.

హైపెరికమ్ క్యూకి భద్రతలో 1. నరాలకి దెబ్బ తగిలితే, వేళ్ళు నలిగితే, తోకఎముక నొప్పికి దీన్ని ఇస్తారు. బయట సెయింట్ జాన్స్ వర్ట్ అని అమ్మే మొక్కే ఇది. కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే సీవైపీ3ఏ4, సీవైపీ2సీ9 ఎంజైముల్ని, పేగు గోడలో మందుని బయటికి నెట్టే పీ-గ్లైకోప్రోటీన్‌ని ఇది రెచ్చగొడుతుంది. ఫలితంగా వార్ఫరిన్ త్వరగా ఖర్చైపోతుంది, అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగట్రాన్ రక్తంలోకి చేరాల్సినంత చేరవు. అపిక్సబాన్, రివరోక్సబాన్ సమాచార పత్రాల్లో ఈ మొక్క పేరు పెట్టి మరీ కలపొద్దని రాసి ఉంటుంది. ఇది రక్తం కారే ప్రమాదం కాదు, గడ్డ కట్టే ప్రమాదం. వార్ఫరిన్ అయితే ఐఎన్‌ఆర్ పడిపోయి పరీక్షలో దొరికిపోతుంది. కొత్త మందుల ప్రభావాన్ని ఐఎన్‌ఆర్ కొలవలేదు కాబట్టి పట్టిచ్చే గుర్తే ఉండదు, పక్షవాతం వస్తే తప్ప. ఎంజైములు పెరగడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మందు మానేశాక తగ్గడానికీ అంతే పడుతుంది.

అందుకే ‘అల్లోపతి మందుకి, హోమియోకి అరగంట తేడా ఉంటే చాలు’ అన్న సలహా ఇక్కడ ఎందుకూ కొరగాదు. రెండు మందులు కడుపులో కలుసుకుంటే వచ్చే గొడవకి అరగంట ఎడం పనికొస్తుంది. ఈ గొడవ కాలేయంలో, రోజుల తరబడి నడుస్తుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకున్నా తప్పదు.

మెలిలోటస్ క్యూకి 2. ముక్కులోంచి రక్తం కారాక తలనొప్పి తగ్గే లక్షణానికి ఇది పేరున్న మందు. ఇది ఏ మొక్కో తెలిస్తే నవ్వొస్తుంది. 1920ల్లో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. ఆ గడ్డిలోంచి కార్ల్ పాల్ లింక్ బృందం విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1940కల్లా డైకుమరాల్‌ని వేరు చేసి గుర్తించింది. దాని వారసుడే వార్ఫరిన్, 1948లో ఎలకల మందుగానూ 1954లో మనుషుల మందుగానూ వచ్చింది. మెలిలోటస్ ఆ స్వీట్ క్లోవరే. మొక్కలో సహజంగా ఉండే కౌమరిన్ రక్తాన్ని పలచన చేయదు. బూజు తగిలితేనే అది డైకుమరాల్‌గా మారుతుంది. సరిగ్గా ఎండబెట్టిన మొక్కతో తీసిన టింక్చర్‌తో ఇబ్బంది లేకపోవచ్చు, కానీ ఎలా ఎండబెట్టారో సీసా మీద ఎవరూ రాయరు. అంతకన్నా ముఖ్యం, వార్ఫరిన్ వాడే మనిషికి ఉన్నట్టుండి ముక్కులోంచి రక్తం కారుతుంటే ఐఎన్‌ఆర్ హద్దు దాటిందేమో చూడాలి. చాలామందికి హద్దు 2 నుంచి 3, గుండెలోని మిట్రల్ కవాటం స్థానంలో లోహపు కవాటం ఉన్నవాళ్ళకి 2.5 నుంచి 3.5.

చైనా క్యూకి కూడా 2. ఇది సింకోనా బెరడు, అంటే క్వినైన్ ఉన్న బెరడు. హోమియోపతిని మొదలుపెట్టిన హానిమన్ 1790లో తన మీద తాను ప్రయోగం చేసుకున్నది దీనితోనే. రక్తం పోయాక వచ్చే నీరసానికి ఇస్తారు. క్వినైన్ కొద్దిమందిలో ప్లేట్‌లెట్లని నాశనం చేసే యాంటీబాడీలని పుట్టిస్తుంది. అది అరుదే, కానీ టానిక్ వాటర్‌లో ఉండే కొద్దిపాటి మోతాదుతోనూ జరిగిన సందర్భాలున్నాయి. ఒకపక్క బ్లడ్ థిన్నర్, ఇంకోపక్క ప్లేట్‌లెట్లు పడిపోవడం, మూలిగే నక్క మీద తాటిపండు. పైగా బ్లడ్ థిన్నర్ వాడుతూ నీరసంగా ఉందంటే కడుపులో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించకుండా బలానికి చుక్కలు వేసుకుంటే అసలు సంగతి దాగిపోతుంది.

ఆల్ఫాల్ఫా టానిక్‌ని ఆకలికి, బలానికి చెంచాలతో తాగుతారు, చుక్కలతో కాదు. ఆల్ఫాల్ఫా ఆకుల్లో విటమిన్ కె ఉంటుంది, వార్ఫరిన్ పని ఆ విటమిన్‌ని అడ్డుకోవడమే. టానిక్‌లో అది ఎంతుందో లేబుల్ చెప్పదు. కొన్నిటిలో జిన్సెంగ్, సింకోనా కూడా కలిపి ఉంటాయి. జిన్సెంగ్ కూడా వార్ఫరిన్ బలం తగ్గించగలదు. దీంతో వచ్చే చిక్కు చాలామంది ఊహించని చోట వస్తుంది. మూడు నెలలు టానిక్ తాగుతున్నప్పుడు ఐఎన్‌ఆర్ తక్కువొస్తుంది, డాక్టరు వార్ఫరిన్ పెంచుతారు, అంతా కుదురుకుంటుంది. సీసా అయిపోయి టానిక్ మానేస్తే, పెంచిన వార్ఫరిన్‌కి అడ్డు తొలగిపోతుంది. రక్తం కారేది అప్పుడు. అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగట్రాన్‌లకి విటమిన్ కెతో సంబంధం లేదు కాబట్టి ఈ ప్రత్యేకమైన తంటా వాటికి లేదు.

గింగో క్యూకి 3. దీని మీదున్న భయం దీని వల్ల జరిగే హాని కన్నా పెద్దది. ఒక మోస్తరు మోతాదుల్లో గింగో ఇచ్చి వార్ఫరిన్‌తో కలిపి చూసిన ప్రయోగాల్లో ఐఎన్‌ఆర్ కదల్లేదు. టింక్చర్‌లో ఉండే ఆకు పరిమాణం ఆ క్యాప్సూళ్ళలో కన్నా చాలా తక్కువ. అయినా పూర్తి మార్కులు వేయలేదు, రక్తస్రావం జరిగిన విడి కేసులు నమోదయ్యాయి కాబట్టి. ఆర్నికా క్యూని లోపలికి తాగడానికి మాత్రం మార్కే లేదు. హెలెనాలిన్ అనే పదార్థం వల్ల పలచన చేయని ఆర్నికా కడుపులోకి వెళ్తే విషమే, బ్లడ్ థిన్నర్ ఉన్నా లేకపోయినా.

పైపూత జెల్‌లు, నూనెలు: భద్రతకి 4, ఒక్కోసారి 1

ఆర్నికా జెల్‌ని చర్మం చెక్కుచెదరకుండా ఉన్నచోట, అరచేతి కన్నా తక్కువ మేర, రోజుకి రెండు మూడుసార్లు రాసుకుంటే రక్తంలోకి చేరేది అతి తక్కువ. చిట్లిన చర్మం మీద రాయకూడదు. బంతి, చామంతి జాతి మొక్కలు పడనివాళ్ళకి దద్దుర్లొస్తాయి.

1 మార్కు ఎప్పుడంటే, ఆ జెల్‌లోనో నూనెలోనో గాల్తేరియా, వింటర్‌గ్రీన్ నూనె, మిథైల్ సాలిసిలేట్ అనే మూడు పేర్లలో ఏది కనిపించినా. మూడూ ఒకే సరుకు. ఇది ఆస్పిరిన్ కుటుంబం, చర్మంలోంచి బాగానే ఇంకుతుంది. మోకాళ్ళకి రోజూ పట్టించి మర్దన చేసుకున్న వార్ఫరిన్ రోగుల్లో ఐఎన్‌ఆర్ పెరిగి రక్తం కారిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ముందు పక్క పెద్దక్షరాల్లో ‘ఆర్నికా’ అని ఉంటుంది, ఇది వెనక పక్క చిన్నక్షరాల్లో ఉంటుంది.

కమిలిన మచ్చ పెరుగుతోందా లేదా అన్నది జెల్ రాసి కనిపెట్టలేం. బాల్‌పెన్‌తో మచ్చ అంచు చుట్టూ గీత గీసి పక్కన టైమ్ రాయండి. కొన్ని గంటల్లో మచ్చ ఆ గీత దాటినా, చోటు గట్టిగా ఉబ్బినా, కాలో చెయ్యో తిమ్మిరెక్కినా లోపల ఇంకా కారుతోందని అర్థం. ఇంట్లో కూర్చోకూడదు.

కాంబినేషన్ డ్రాప్స్: భద్రతకి 2

నడుంనొప్పి, కీళ్ళనొప్పి, బీపీ, నిద్ర ఇలా ఒక్కోదానికి ఒక్కో సీసా. వీటి లేబుల్ చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఒక ఊహాత్మక సయాటికా చుక్కల లేబుల్ మీద ఇలా ఉందనుకుందాం: గాల్తేరియా 1ఎక్స్, హైపెరికమ్ క్యూ, రస్ టాక్స్ 6సి, బ్రయోనియా 30సి. చివరి రెండిటి మీద వేలు పెట్టి మూసేయండి, వాటిలో లెక్కలోకి వచ్చేంత ఏమీ లేదు. మిగిలిన రెండూ మూలికలే, ఒకటి సాలిసిలేట్, ఇంకోటి ఎంజైముల్ని రెచ్చగొట్టేది. వార్ఫరిన్‌ని ఒకటి పైకి, ఒకటి కిందికి లాగుతాయి. ఏది గెలుస్తుందో పరీక్ష చేస్తే తప్ప తెలియదు. క్యూ, 1ఎక్స్ నుంచి 4ఎక్స్, 1సి, 2సి అని ఉన్న ప్రతిదాన్నీ మూలిక మందు కిందే లెక్కేసుకోండి. 2సి, 4ఎక్స్ రెండూ ఒకటే.

మందిచ్చే మనిషి సేవకీ మార్కులు వేయాలి

మంచి హోమియో వైద్యుడు మొదట మీ అల్లోపతి మందుల చీటీ అడుగుతాడు. రాసిచ్చే చీటీలో మందు పేరు, పొటెన్సీ స్పష్టంగా ఉంటాయి. బ్లడ్ థిన్నర్ ఆపమని ఎప్పుడూ అనడు. ఈ మూడూ ఉంటే 5. పేరు లేని సీసాలు, ‘1, 2, 3’ అని నంబర్లేసిన పొట్లాలు ఇచ్చి, ఏమిటివని అడిగితే చిరాకుపడే చోట సున్నా. అత్యవసరంగా ఆసుపత్రిలో చేరితే అక్కడి డాక్టరుకి నంబరు చూపించి ఏం లాభం?

‘ఒక వారం ఆ రక్తం మందు ఆపి చూడండి, ఒంటికి ఏం పడుతోందో తెలుస్తుంది’ అనే మాట వినగానే లేచి వచ్చేయండి. అపిక్సబాన్ ప్రభావం ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది, వార్ఫరిన్ది సుమారు ఐదు రోజుల్లో. గుండె లయ తప్పినవాళ్ళకీ, లోహపు కవాటం ఉన్నవాళ్ళకీ ఆ ఖాళీలోనే గడ్డ కడుతుంది. అలాగే చిగుళ్ళ రక్తం, నల్లటి విరేచనాలు కనిపించినప్పుడు ‘మందు పనిచేయడం మొదలైంది, మొదట్లో ఇలా పెరిగినట్టే ఉంటుంది’ అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. బ్లడ్ థిన్నర్ వాడేవాళ్ళలో అలా సర్దుకుపోవడానికి వీల్లేదు. పథ్యం పేరుతో ఆకుకూరలు ఒక్కసారిగా మాన్పించినా వార్ఫరిన్ రోగికి ఐఎన్‌ఆర్ పెరగొచ్చు.

వాడాలనే అనుకుంటే

డాక్టరుకి చెప్పి, ఒకసారికి ఒక్క మందే మొదలుపెట్టండి. వార్ఫరిన్, అసినోకౌమరాల్ వాడేవాళ్ళు మొదలుపెట్టే ముందు ఐఎన్‌ఆర్ చూపించుకుని, 3 నుంచి 7 రోజుల్లో మళ్ళీ, ఇంకో వారం పది రోజులకి ఇంకోసారి చూపించుకోవాలి. మరుసటి రోజే పరీక్ష చేయిస్తే ఉపయోగం లేదు. రక్తాన్ని గడ్డ కట్టించే కారకాలకి నంబర్లుంటాయి; వాటిలో ఏడోది కొన్ని గంటల్లో తగ్గినా, రెండోది తగ్గడానికి రోజులు పడుతుంది. మానేసినప్పుడు కూడా ఇదే వరస పాటించాలి. కొత్త బ్లడ్ థిన్నర్లకి ఇలాంటి రోజువారీ పరీక్ష లేదు కాబట్టి వాటితో క్యూ, తక్కువ ఎక్స్ మందులు అసలు కలపకపోవడమే మా సలహా.

మందుల డబ్బాలో హోమియో మందుల్నీ, బ్లడ్ థిన్నర్‌నీ కలిపి పెట్టకండి. డాబిగట్రాన్‌ని క్యాప్సూల్ విప్పి గుళికల్లా నాలుక మీద పోసుకోవడం ఇంకా ప్రమాదం. లోపలి గింజలు విడిగా మింగితే ఒంట్లోకి చేరే మందు 75 శాతం దాకా పెరుగుతుంది.

ముక్కులోంచి రక్తం వస్తే ముందుకి వంగి కూర్చుని, ముక్కు మెత్తటి భాగాన్ని 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. మధ్యలో ఆగిందా అని వేలు తీసి చూడకూడదు. అప్పటికీ ఆగకపోయినా, మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రబడినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా ఏ సీసా మూతా తీయకుండా బయల్దేరండి.

పన్ను తీయించుకునే ముందు, ఆపరేషన్ ముందు వాపు రాకుండా ఆర్నికా మొదలుపెట్టడం కొందరికి అలవాటు. 30సి అయితే సర్జన్‌కి చెప్పి ఊరుకోవచ్చు. క్యూ, తక్కువ ఎక్స్ చుక్కలన్నీ రెండు వారాల ముందే ఆపేయాలి. బ్లడ్ థిన్నర్ ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపాలో వద్దో చెప్పేది సర్జన్, దాన్ని రాసిన డాక్టరు మాత్రమే. చాలాసార్లు ఒక్క పన్ను తీయడానికి అసలు ఆపరు. వెళ్ళేటప్పుడు సీసాలు కూడా సంచిలో వేసుకెళ్ళండి. ‘ఏదో హోమియో చుక్కలు’ అని చెప్పేకన్నా లేబుల్ చూపించడం తేలిక.